రైలు లేని గేటు

ఇంకా తేలలేదు. అద్దాల గదిలో నోళ్ళు కదులుతున్నాయి, మాట ఒక్కటీ బయటికి రావడం లేదు. లోపల పెద్దాయన ఉన్నాడు, ఈ కంప్యూటర్ ఆటల కంపెనీ ఆయనదే. ఆయన పక్కన అమ్మకాలు చూసేవాడు, ఆ పక్కన మొహం తెలిసి పని తెలియని మరి ఇద్దరు. వాళ్ళకెదురుగా పిచ్చుక నిలబడి, పోయిన మా ఆవిడ తయారుచేసిన ఆటను గోడమీద వేసి చూపిస్తోంది. పిచ్చుకకు అసలు పేరు వేరే ఉంది. మనిషి పిట్టంత, వేళ్ళు ఎప్పుడూ కీబోర్డును పొడుస్తూ ఉంటాయి, అందుకని మా ఆవిడే ఆ పేరు పెట్టింది. ఆట రాసేటప్పుడు ఇద్దరూ కలిసి కూర్చునేవాళ్ళు. నన్ను మాత్రం బయట ఉండమన్నారు. చనిపోయినావిడ భర్త ఎదురుగా ఉంటే నిజం మాట్లాడడానికి మొహమాటంగా ఉంటుందట. ఈ కంపెనీలో నిజం చెప్పడానికి మొహమాటపడని రోజు నేనొక్కటీ చూడలేదు. కుర్చీ మెత్తగా ఉంది, మెత్తటి కుర్చీలో నాకు నడుము పట్టేస్తుంది, లేచాను, కాఫీ మిషను దాకా వెళ్ళాను, కాఫీ అక్కర్లేదని గుర్తొచ్చి వచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నాను. వాళ్ళు తేల్చాల్సింది ఒక్కటే. ఆవిడ ఆట ఆవిడ ఆటగా బయటికి వస్తుందా, రాదా.

ఎదురుగా ఒంటికన్ను నిలబడి ఉన్నాడు. మనిషెత్తు బొమ్మ, చేతిలో కత్తి, కత్తికి ఎవరో తడి గొడుగు తగిలించారు. ‘కోట’ ఆటకు కథానాయకుడు వీడే. మొదటి భాగం నుంచి ఎనిమిదో భాగం దాకా వీడే కోట ఎక్కుతాడు, వీడే దూకుతాడు, అదే రాజును చంపుతాడు, ఆ రాజు వచ్చే భాగానికి దులుపుకుని లేచి కూర్చుంటాడు. గోడమీద వరసగా పోస్టర్లు. మొదటిదాంట్లో వీడికి గడ్డం లేదు, మూడోదాంట్లో వచ్చింది, ఆరోదాంట్లో నెరిసింది, ఎనిమిదోదాంట్లో మళ్ళీ నల్లబడింది, ముసలివాడైతే కుర్రకారు కొనరని అమ్మకాలవాడు అన్నాడట. మనుషులకు ఆ వసతి లేదు. వీడు ఎక్కిన గోడలన్నీ నేను వేసినవే, నన్ను గోడల మాస్టారంటారు ఇక్కడ. ఊళ్ళో బడి చదువు, ఆ తర్వాత సైన్‌బోర్డులు రాసుకునేవాణ్ణి. టైర్ల కొట్టుమీద అద్దె గదిలో పెద్దాయన ఇంకో ముగ్గురితో ఈ వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నేను కింద ఆ కొట్టుకే బోర్డు రాస్తున్నాను, కిటికీలోంచి తల బయటపెట్టి, ‘ఏమయ్యా, గోడలు వేయడం వచ్చా?’ అన్నాడు. ‘గోడలమీద వేయడం వచ్చు’ అన్నాను. ‘అయితే పైకి రా’ అన్నాడు. ఆ రోజు కోట కావాలని ఈ భూమ్మీద ఎవరూ ఆయన్ని అడగలేదు. అడగనిది చేశాడు గనకనే పెద్దాయన అయ్యాడు. ఇప్పుడు అడిగింది తప్ప చేయడు.

ఆ కోట పడమటి తలుపు ఒకటుంది. మొదటి భాగానికి తొందరపెడుతుంటే తొందరలో వేశాను, బందులూ గడియా రెండూ ఒకే పక్కన పడ్డాయి. అలాంటి తలుపు లోకంలో ఎటూ తెరుచుకోదు. ఎవరూ చూడలేదు. ఆట దుకాణాలకు వెళ్ళిపోయాక నాకు అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చిన మా ఆవిడ నా భుజం మీంచి తొంగి చూసి, ‘ఇది ఎటు తెరుచుకుంటుంది?’ అంది. రైలు గేటు కాపలాదారు కూతురు, తెరవడం మూయడం చూస్తూ పెరిగిన మనిషి. పెద్దాయన అక్కడే ఉన్నాడు, పెద్దగా నవ్వి, తప్పులు పట్టే పనికి ఆవిణ్ణి ఆ వారమే పెట్టుకున్నాడు. తలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆడేవాళ్ళు ఆ తప్పును చూసి మురిసిపోయారు, దాని ముందు ఒంటికన్నును నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఐదో భాగంలో నేను బందులు అవతలికి మార్చాను. గోల, ఇంతా అంతా కాదు. ఎవడో ఆ తలుపును వీపునిండా పచ్చబొట్టు పొడిపించుకున్నాడట, నేను సరిచేసేసరికి వాడి వీపు తప్పయిపోయిందట. కంపెనీ క్షమాపణ చెప్పి తప్పును వెనక్కి తెచ్చింది. అప్పటినుంచీ ప్రతి భాగానికీ ఆ తప్పునే మరింత శ్రద్ధగా వేస్తున్నాను, తుప్పు, మేకుల తలలు, చెక్కలో పగుళ్ళు, గడియ మీద వేళ్ళ మరకలు. ఎన్నడూ తెరుచుకోని తలుపుమీద వేళ్ళ మరకలు. జీతం ఇస్తున్నారు, వేస్తున్నాను.

తప్పులు పట్టడమంటే రోజంతా ఆడుకోవడం అనుకుంటారు బయటివాళ్ళు. ఒంటికన్నును తీసుకెళ్ళి ప్రతి గోడకూ కొట్టించాలి, గోడకు ఎక్కడైనా సందుండి అవతలికి జారిపోతాడేమో చూడాలి, ఒక గోడ అయిపోతే ఇంకో గోడ. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, ‘పొద్దున్నుంచీ నువ్వు కట్టిన గోడలకే తల బాదుకున్నాను’ అనేది. పెళ్ళయిన ఆడవాళ్ళందరూ అదే అంటారులే అనేవాణ్ణి. ‘జారిపోతే అవతల ఏముంటుందో తెలుసా నీకు? ఏమీ ఉండదు. తెల్లగా ఉంటుంది, అంతే. ఎంత హాయిగా ఉంటుందో.’ ఆ హాయి చాలాసేపు చూసి, అప్పుడు తప్పు రాసిచ్చేది. ఆట చివర పేర్లు పైకి పోతూ ఉంటాయి కదా, అందులో కాఫీ మిషను బాగుచేసేవాడి పేరు కూడా చూశాను నేను. తప్పులు పట్టేవాళ్ళ పేర్లు మాత్రం వేయరు. వేస్తే తప్పులున్నాయని ఒప్పుకున్నట్టట. ఆవిడ పోయినప్పుడు కంపెనీ పువ్వుల చక్రం పంపింది, దాని రిబ్బను మీద ఎనిమిదో భాగం బొమ్మ ఉంది, అప్పుడు వాళ్ళ దగ్గర ఉన్న రిబ్బన్లు అవేనట. శవం మీద పెట్టిన ఒంటికన్నును నేనే తీసి గుమ్మం అవతల పడేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

లోపల పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అది ఆయనకు నచ్చినప్పుడూ చేస్తాడు, నచ్చనప్పుడూ చేస్తాడు. అమ్మకాలవాడు చెయ్యెత్తి గాలిలో మెట్లు గీస్తున్నాడు, మెట్టు మీద మెట్టు. మా ఊరి బడి గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మా మాస్టారు ఒకే ఒక పాఠం తీసేవాడు, ఏనుగు పాఠం. ఏ తరగతిలో ఉన్నా అదే. అడగగానే ఎవరు లేవాలో, ఎవరు తప్పు చెప్పాలో, ఆ తప్పును ఎవరు దిద్దాలో అన్నీ ముందే ఏర్పాటు. ఇన్‌స్పెక్టరు తల ఊపేవాడు, పుస్తకంలో బాగుందని రాసేవాడు, మాస్టారు చెమట తుడుచుకునేవాడు. ఏటేటా అదే ఏనుగు, ఏటేటా మేము ఇంకాస్త బాగా చెప్పేవాళ్ళం, చివరికి నిద్రలో కూడా తొండం అనేవాళ్ళం. ఒక ఏడు ఎవరో కొత్తాయన వచ్చాడు, ఏనుగు అంతా విని, చాలా బాగుంది, పేజీ తిప్పండి అన్నాడు. తిప్పాం. అటుపక్క నత్త. బడి బడంతా నోరు తెరుచుకుని నత్తను చూస్తూ కూర్చుంది. మాస్టారి మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆయన మీద ఇప్పటికీ జాలి లేదు. నేర్పించడం రాక కాదు, భయం. నలభైమంది పిల్లలకు చదువు తన భయానికి సరిపడా కొలిచి పెట్టాడు.

పెద్దాయనదీ భయమే, అది నాకు తెలియకపోలేదు. ఒకసారి కొత్తది చేశారు. తేనెటీగల ఆట, నాలుగో భాగానికీ ఐదో భాగానికీ మధ్య. మంచి ఆట, గోడలు లేవు అందులో, నాకు ఆకులు వేసే పని ఇచ్చారు, జీవితంలో మొదటిసారి ఆకులు వేశాను. మునిగిపోయింది. కింది అంతస్తులో సగంమంది పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు, వాళ్ళ బల్లలు చాలాకాలం అలా ఖాళీగానే ఉన్నాయి, పెద్దాయన ఆ వరసలోంచి నడిచేవాడు కాదు, చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఇంతమంది కడుపులు కోటే నింపుతోందయ్యా అంటాడు. నిజమే. మా ఇంటి పైకప్పు కూడా కోటదే, మా ఆవిణ్ణి ఆసుపత్రిలో మంచి గదిలో పడుకోబెట్టింది కూడా కోటే. కాదనను. కానీ తేనెటీగలకు ఒక్క పోస్టరు వేయించాడా? పుట్టినదాన్ని బయట పడుకోబెట్టి తలుపేసుకుని, చూశారా, చలికి తట్టుకోలేకపోయింది అన్నాడు. కోటకు జలుబు చేస్తే మాత్రం ఊరంతా దండోరా.

ఫోను మోగింది. వదిన, మా అన్నయ్య భార్య. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేస్తుంది.

‘ఎక్కడున్నావయ్యా?’

‘పనిలో.’

‘పనిలో ఉంటే ఫోనెలా ఎత్తావు? సరే విను, ఆ టీచరమ్మ సంగతి చెప్పాను చూడు, వాళ్ళన్నయ్య మళ్ళీ అడిగాడు. నెమ్మదైన మనిషి. ఆ మాట, ఆ నడక, నవ్వేటప్పుడు తల అలా పక్కకు పెట్టడం, అచ్చం మా చెల్లెలే అనుకో.’

చెల్లెలంటే మా ఆవిడ. తోడికోడలే అయినా వదిన ఎప్పుడూ చెల్లెలనే అంది.

‘మొదటి భాగం బాగా ఆడింది, రెండోది తీద్దామంటావు.’

‘ఏడిశావ్. పెళ్ళి గురించి చెబుతుంటే సినిమా అంటాడేంటి.’

‘అచ్చం తనలా ఉంటే నాకెందుకు వదినా? పోయింది తను.’

‘నీ నోట్లో నోరు పెట్టలేం బాబూ. మీ అన్నయ్య చెప్పనే చెప్పాడు, వాడికి ఫోను చెయ్యకు, బీపీ పెరుగుతుందని.’

‘ఎవరికి?’

‘నాకే!’ అని పెట్టేసింది.

తల పక్కకు పెట్టడం. అవును, పెట్టేది. మొదటిసారి చూసినప్పుడూ అలాగే పెట్టి చూసింది, గేటు దగ్గర. సైకిలు మీద రంగుల డబ్బాలు వేలాడదీసుకుని పక్క ఊరికి బోర్డు రాయడానికి పోతున్నాను, గేటు పడి ఉంది, కింద నుంచి దూరబోయాను. ‘డబ్బా తగులుతుంది’ అంది గది గుమ్మంలోంచి. తగిలింది. పచ్చరంగు పట్టాలమీదంతా పారింది. వాళ్ళ నాన్నకు ఒంట్లో బాగోనప్పుడు గేటు తనే వేసేది, తనే ఎత్తేది. గేటు పడితే అటు పదిమంది, ఇటు పదిమంది, రైలు వచ్చేదాకా వేరే పని లేదు, ఎవరికీ చెప్పనివి అక్కడ చెప్పుకునేవాళ్ళు, మళ్ళీ కలవం కదా అని. రైలు పోయాక గేటెత్తగానే మాట ఎక్కడుంటే అక్కడ తెగిపోయేది. ‘ఒక్కోసారి కావాలనే కాస్త ఆలస్యంగా ఎత్తేదాన్ని’ అని పెళ్ళయ్యాక చెప్పింది. ఆ కాస్త ఆలస్యాన్నే ఆట చేసింది. ఆడేవాళ్ళే గేటు మనిషి. గంట మోగితే గేటు దించాలి, జనం చేరతారు, మాట్లాడుకుంటారు, రైలు పోతుంది. వెంటనే ఎత్తితే కథ సగంలో పోతుంది. ఎత్తకపోతే కథ వింటావు, కానీ ఎవరికో ఎక్కడో ఆలస్యమవుతుంది, మర్నాడు వాళ్ళ మొహాల్లో తెలుస్తుంది. చంపడం లేదు, గెలవడం లేదు. పగలంతా గోడలకు తల బాదుకుని వచ్చి రాత్రిపూట ఇది రాసుకునేది.

గొంతులన్నీ మా వంటగదిలో తీసినవే, చప్పుడు రాకుండా దుప్పటి కప్పుకుని. ముసలామె గొంతు తనదే, పోస్టుమాను గొంతు పిచ్చుక మొగుడిది, పాలవాడి గొంతు నాది. ‘ఇంకెంతసేపమ్మా, పాలు విరిగిపోతాయి’ అనాలి. నాకు రాలేదు. బోర్డు చదివినట్టు అన్నాను. తను పగలబడి నవ్వింది. పాలవాడు ఆ మాట అన్నాక గేటు ఎత్తకుండా ఉంటే వెనకనుంచి ఆ నవ్వు వినిపిస్తుంది, తీసేయడం మర్చిపోయింది. లోకంలో అందరి తప్పులూ పట్టిన మనిషికి తన తప్పు దొరకలేదు. రోజూ ఇంటికి వెళ్ళగానే ఆడతాను. గంట మోగుతుంది, దించుతాను, పాలవాడు వస్తాడు, అంటాడు, నేను ఎత్తను. అంతవరకే. ఆ తర్వాత ఆపేసి మళ్ళీ మొదటినుంచి పెడతాను. ఆట ఇంకా పూర్తి కాలేదు, ముగింపు రాయకుండానే పోయింది. పట్టాల మీదుగా వంతెన కడతారు, ఇక గేటుతో పని ఉండదు, అంతదాకా ఆసుపత్రి మంచం మీద పిచ్చుకకు చెప్పింది. పిచ్చుక నా దగ్గరకు వచ్చి, ఆ నవ్వు జోలికి పోను బాబాయ్, మిగతాది పూర్తి చేస్తాను, గేటు దగ్గరకు నాలుగు కొత్త మొహాలు రావాలి, ముగింపు కావాలి అంది. ఒక్క అక్షరం ముట్టుకోవద్దన్నాను. ఉన్నది ఉన్నట్టు చూపించు, ఇష్టమైతే తీసుకుంటారు. మొండిఘటం అని గొణిగింది, వినిపించేలాగే గొణిగింది.

తలుపు తెరుచుకుంది. ముందు పెద్దాయన వచ్చాడు, నా భుజంమీద చెయ్యివేశాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది, ఇష్టమైన వార్త చెప్పే చెయ్యి అంత బరువుండదు.

‘మాస్టారూ, అద్భుతం. నిజంగా. మీ ఆవిడ ఇంత చేసిందని నాకు తెలియనే తెలియదు. తీసుకుంటున్నాం.’

లేచి నిలబడ్డాను. ఏం చేయాలో తెలియక కత్తికి వేలాడుతున్న గొడుగు పట్టుకున్నాను.

‘కోట తొమ్మిదో భాగం ఇదే’ అన్నాడు.

‘ఏది?’

‘ఇదే. ఒంటికన్ను చిన్నతనం. అప్పటికి ఇంకా రెండు కళ్ళూ ఉంటాయి. కోట గుమ్మం దగ్గర కాపలా కుర్రాడు. జనం వస్తారు, ఆగుతారు, మాట్లాడుకుంటారు, వాళ్ళ మాటల్లోంచి గూఢచారిని పట్టుకోవాలి. ఎక్కువసేపు ఆపితే తిరగబడతారు. మీ ఆవిడ ఊహ చెక్కుచెదరదు. గేటు గేటుగానే ఉంటుంది.’

‘రైలు?’

‘కోటలో రైలేమిటి మాస్టారూ?’ అని నవ్వాడు. అమ్మకాలవాడు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

‘రైలు లేకపోతే గేటెందుకు వేస్తారు?’

పెద్దాయన నన్ను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. ‘చూడండి. దీన్ని ఒంటరిగా వదిలితే తేనెటీగల్లాగా చస్తుంది. అది నేను మళ్ళీ చూడలేను. కోటలో పెడితే బతుకుతుంది. మొదట్లోనే, ఆట మొదలవగానే, తెర మధ్యన ఆవిడ పేరు వేయిస్తాను. ఒక్క పేరే. లక్షలమంది చూస్తారు. మీది ఒక్క సంతకం.’

అక్కడ ఆగిపోయాను. అబద్ధం ఎందుకు, ఆగిపోయాను. తెర మధ్యన ఆ పేరు కనిపించింది నాకు, అక్షరాలు నేనే రాస్తున్నట్టు, సైన్‌బోర్డు చేత్తో, నీడ వేసి, అంచు బంగారు రంగు దిద్ది. ఎనిమిది భాగాల్లో ఎక్కడా పడని పేరు. కాఫీ మిషనువాడికి ఉన్నది ఆవిడకు లేదని ఎన్నిసార్లు తిట్టుకున్నాను. లక్షలమంది చదువుతారు, చదివి మరుక్షణం కత్తి తీస్తారు. ముసలామె పళ్ళులేని నోటితో తన కోడలి గురించి చెప్పుకుంటూ ఉంటే గూఢచారి అని పొడుస్తారు. పోస్టుమానును పొడుస్తారు. పాలవాణ్ణి పొడిచినా నాకు బాధలేదు, కానీ ఆ మాటలన్నీ దొంగను పట్టడానికి కాదు, ఊరికే వినడానికి. ఊరికే వినడానికే ఆవిడ ఆ గేటు పట్టుకుని నిలబడింది. ఆ పేరు కింద ఈ పని ఉంచితే అది ఆవిడ పేరు కాదు, మరో రిబ్బను.

‘ఇవ్వను’ అన్నాను.

‘రేపు చెప్పండి. తొందరేం లేదు.’

‘రేపు కూడా ఇవ్వను.’

‘మాస్టారూ, మీ ఇంట్లో కంప్యూటర్లో ఉండి ఏం సాధిస్తుందది?’

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ‘తొమ్మిదో భాగానికి పడమటి తలుపు మాత్రం ఈ వారంలోనే కావాలి’ అన్నాడు. ఇస్తానన్నాను. పని పనే.

పిచ్చుక మెట్లమీద పట్టుకుంది నన్ను. కంప్యూటరు ఛాతీకి హత్తుకుని వచ్చింది, ముక్కు ఎర్రగా ఉంది.

‘వద్దన్నారట.’

‘వద్దన్నాను.’

‘మంచిపని చేశారు. ఇప్పుడేం చేస్తారు? ఇంటికెళ్ళి మళ్ళీ పాలవాణ్ణి నిలబెడతారా?’

ఎవరు చెప్పారు దీనికి?

‘ఎవరు ఆడినా నా దగ్గర లెక్క పడుతుంది బాబాయ్, నేనే పెట్టాను. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా మీరు రెండో రైలు దాకా వెళ్ళలేదు. పిన్ని రెండో రైలుకి ఎంత మంచి కథ రాసిందో మీకు తెలియను కూడా తెలియదు. వాళ్ళు కోటను కదలనివ్వరు, మీరు గేటును కదలనివ్వరు. జీతం వాళ్ళిస్తారు, అంతే తేడా.’

చెంప పగలగొట్టాలనిపించింది. పగలగొట్టదగ్గ మాట కాదని కూడా తెలుస్తోంది. పైన ఎవరో పెద్దగా నవ్వుతున్నారు, కింద చీపురు గచ్చును గీకుతోంది, ఈ మెట్లు ఎక్కడానికీ దిగడానికీ కాక నిలబడడానికి ఇంత ఇరుకుగా ఎందుకు కట్టారో. రెండో రైలు. నాకు తెలియదు, నిజమే. మా ఆవిడ రాసినదాంట్లో నాకు తెలియనిది ఒకటుంది, ఇంట్లోనే, నా చేతికింద, అంతకాలంగా. అది తెరిస్తే అయిపోతుంది. అయిపోతే ఇక ఆవిడ చెప్పేది ఏమీ ఉండదు. దీనికి ఆ సంగతి చెప్పను. ఎవరికీ చెప్పను.

‘పూర్తి చేసుకో’ అన్నాను. ‘ఈ కంపెనీలో వద్దు. బయట. ఎవరికైనా ఇవ్వు, ఊరికే ఇవ్వు, నీ ఇష్టం. మధ్యమధ్యలో వచ్చి నాకు చూపించకు.’

అది కాసేపు నా మొహంలోకి చూసింది, వెనక్కి తీసుకుంటానేమోనని. తీసుకోవాలనే ఉంది. తర్వాత మెట్టుమీద కూర్చుని అప్పుడే కంప్యూటరు తెరిచింది.

‘వంతెన కట్టాక గేటావిడ ఏం చేస్తుందో పిన్ని చెప్పలేదు. నేననుకునేది, రైలెక్కుతుంది బాబాయ్. జీవితమంతా పోయే రైళ్ళనే చూసింది కదా.’

నాకు నచ్చలేదు. చవకగా ఉంది, ఎవరికైనా తట్టేదే. మా మామగారి కాలంలో ఆ గేటు దగ్గర ఏ రైలూ ఆగలేదు, అది స్టేషను కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. దిగి వెళ్ళిపోదామని రెండు మెట్లు దిగాను కూడా.

‘అక్కడ ప్లాట్‌ఫారం ఉండదు’ అన్నాను. ‘రైలుపెట్టె మెట్టు మనిషి రొమ్మెత్తుకు వస్తుంది. తనంతట తను ఎక్కలేదు. పైనుంచి ఎవరో చెయ్యి అందించాలి.’

పొడుస్తున్న వేళ్ళు ఆగాయి. ‘ఎవరు?’ అంది.

‘నన్నడక్కు.’